దొరగారి జాయినింగ్ రిపోర్టు

కొత్తగరువు తహసీల్దారు కార్యాలయంలో డిప్యూటీ తహసీల్దారుగా పనిచేస్తున్న అమెరికా కారుకు ఈ మార్చి నెలలో ప్రమోషన్ వచ్చింది. ఆర్డరు కాగితాన్ని ఆనవాయితీ ప్రకారం వైపరు కింద దోపి, బానెట్ మీద బంతిపూల దండ వేసి, స్టాఫంతా చప్పట్లు కొట్టారు. కాసేపటికి, అందరూ దొరగారని పిలిచే ఆ కారు కింద ఎర్రటి ఆయిలు చిన్న మడుగు కట్టింది. సంతోషమొచ్చినా, కోపమొచ్చినా, ఏమీ రాకపోయినా దొరగారికి అలాగే కారుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

కారు ఉద్యోగంలో చేరడం వెనక పెద్ద రహస్యమేమీ లేదు. అరవై రెండేళ్ల కిందట, ఆ ప్రాంతపు జమీందారు ఒకాయన పెట్రోలు పోయించలేక తన ఎనిమిది సిలిండర్ల సెడాన్‌ను ప్రభుత్వానికి అప్పగించాడు. ఆ రోజు పైకి రెండు జాబితాలు వెళ్లాలి, సిబ్బందిది ఒకటి, సామానుది ఒకటి. టైపిస్టు కారును సిబ్బందిలోను, అదే రోజు చేరిన ఒక గుమస్తాను సామానులోను కొట్టాడు. గుమస్తా తర్వాత ఏమయ్యాడో తెలీదు. పాతబడ్డ సామాను వేలం వేస్తారు కదా, వేసే ఉంటారు. కారుకు మాత్రం ఒకటో తారీఖున జీతం బిల్లు తయారై ట్రెజరీలో పాసైపోయింది. ట్రెజరీ పాసు చేసిన బిల్లు తప్పని రాయాలంటే ఆ తప్పు ఎవరిదో కూడా రాయాలి. అలా రాసే మొనగాడు ఆ ఆఫీసులో ఇంతవరకు పుట్టలేదు.

సర్వీసు రిజిస్టరులో అన్నీ సక్రమంగా ఉన్నాయి. పేరు సెడాన్ దొర. స్వస్థలం అమెరికా. తండ్రి పేరు తెలియరాలేదు. పుట్టుమచ్చలు రెండు: ఎడమ తలుపు మీద ఒక సొట్ట, వెనక రెక్క మీద ఒక సొట్ట. పుట్టిన తేదీ గడిలో మాత్రం 'పదో తరగతి సర్టిఫికెట్ సమర్పించలేదు' అని ఎవరో పెన్సిలుతో రాశారు. పుట్టిన తేదీ తేలని ఉద్యోగిని రిటైరు చేయడం ఎవరి తరమూ కాదు. అందుకని దొరగారితో పాటు చేరినవాళ్లు, వాళ్ల తర్వాత చేరినవాళ్లు అందరూ శాలువాలు కప్పించుకుని వెళ్లిపోయినా, దొరగారు వేపచెట్టు నీడలో అలాగే ఉండిపోయారు.

అధికారిగా ఆయనకు మంచి పేరే ఉంది. ఎవరినీ కసురుకోలేదు. లంచం అడగలేదు. ఫైలు తెచ్చి సీటు మీద పెడితే వద్దనలేదు, చదవనూ లేదు. అర్జీదారులు కిటికీలోంచి తమ గోడు వెళ్లబోసుకుని, "దొరగారు పూర్తిగా ఇన్నారు" అని తేలికపడి వెళ్లేవారు. జిల్లాలో ఇంత ఓపికగల అధికారి మరొకరు లేరని పత్రికల్లో కూడా వచ్చింది.

పోతే, ఒంట్లో రోగాలు ఎక్కువ. ప్రభుత్వోద్యోగి గనక అన్నిటికీ మెడికల్ బిల్లు పెట్టేవారు. కార్బొరేటర్ శుద్ధి చేయిస్తే ఊపిరితిత్తుల పద్దు కింద, రేడియేటర్ కారితే మూత్ర వ్యాధుల కింద, హెడ్‌లైట్లు మారిస్తే శుక్లాల ఆపరేషన్ కింద, గేరుపెట్టెలో ఆయిలు మార్పిస్తే రక్తమార్పిడి కింద రాసేవారు. రేడియేటర్ చిల్లులు పూడ్చడానికి పసుపు, పెట్రోలు ట్యాంకు పగులుకు బట్టల సబ్బు వాడితే, పసుపును ఆయుర్వేదం కింద ఒప్పుకున్న ట్రెజరీ, సబ్బు మీద మాత్రం ఏడేళ్లు ప్రశ్నలు వేసింది. అసలు తంటా విడిభాగాలది. దొరగారి తరం భాగాలు దేశంలో ఎక్కడా దొరకవు. బ్రేకు అరిగితే లారీదో ట్రాక్టరుదో తెచ్చి, అరగదీసి, సుత్తితో నచ్చజెప్పి ఎక్కించాలి. ఇన్నేళ్లలో అలా మారుస్తూ పోగా, అమెరికా నుంచి వచ్చినవాటిలో బానెట్టూ పొగరూ మాత్రమే మిగిలాయని మెకానిక్కులు అనేవారు.

ఈ సేవంతా చేసేది కోరాడ తవిటయ్య. పందొమ్మిదేళ్ల కిందట ఔట్‌సోర్సింగ్ మీద వచ్చాడు. ఈలోగా ఏజెన్సీలు ఐదు మారాయి. మారినప్పుడల్లా తవిటయ్య ఒక సాయంత్రం ఉద్యోగం పోగొట్టుకుని మర్నాడు ఉదయం కొత్తవాడిగా చేరేవాడు. మూడేళ్ల కిందట దొరగారి ఫ్యూయల్ పంపు చచ్చిపోయింది. ట్యాంకులోని పెట్రోలును ఇంజిన్‌కు అందించేది అదే. తవిటయ్య ట్యాంకు మూతికి గుడ్డ బిగించి, అందులోంచి ఒక రబ్బరు గొట్టాన్ని డ్రైవింగ్ సీటు దాకా లాగి, నోట్లో పెట్టుకుని ఊదాడు. ఆ గాలికి పెట్రోలు ముందుకు వెళ్లింది, దొరగారు దగ్గి లేచారు. అప్పటినుంచి అదే పద్ధతి. తవిటయ్య ఊదినంతసేపు దొరగారు నడుస్తారు, నోరు తెరిచి మాట్లాడితే ఆగిపోతారు. అందుకని డ్యూటీలో తవిటయ్య మాట్లాడడు. కింది ఉద్యోగికి ఉండవలసిన లక్షణమేనని అందరూ మెచ్చుకున్నారు.

అతనికి ఉన్న కోరిక ఒక్కటే, పర్మినెంట్ కావాలి. ఆ మాట వేరేవాళ్ల ఫైళ్ల మీద చూసి చూసి, దాని స్పెల్లింగు తన పేరు కంటే బాగా వచ్చేసింది.

ప్రమోషన్ ఆర్డరు కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. ప్రమోషన్ పొందిన అధికారి మార్చి ముప్పై ఒకటో తేదీ సాయంత్రం ఐదింటిలోగా పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలోని కలెక్టరేటులో ప్రాణంతో, స్వయంగా హాజరు కావాలి. ఇతర వ్యక్తి ఎవరూ మోసుకుని గాని, తోసుకుని గాని, మరే విధంగానైనా సాయపడి గాని తీసుకురాకూడదు. వెనకటికి ఒక అధికారిని సిబ్బంది కుర్చీతో సహా మోసుకొచ్చి చేర్పించారట. ఆయన పోయి అప్పటికే నెలయిందన్న సంగతి మూడో ఇంక్రిమెంటు దగ్గర గాని బయటపడలేదు. షరతు అందుకు పెట్టారు. సొంత డ్రైవరు ఉండొచ్చు, అది అధికారి హోదాలో భాగం. గడువులోగా చేరకపోతే నిర్బంధ పదవీ విరమణ. పుట్టిన తేదీ లేనివారికి పింఛను రాదు కనుక దొరగారిని తూకానికి అమ్మేస్తారు. దొరగారు లేకపోతే తవిటయ్య అవసరమూ ఉండదు.

"అది కదిల్తేనే మన పొయ్యి ఎలుగుతాది," అంది తవిటయ్య భార్య పైడమ్మ, ఆ సంగతి విని. "పందొమ్మిదేళ్లు ఊడిగం సేసినావు. ఆ ఇనప్పెట్టిని ఒక్క పూట నడిపించలేవేటి?"

"ఎండగుంది," అన్నాడు తవిటయ్య. "ఎండకది ఒప్పదు."

"నాకూ ఒప్పదు. నాను ఉపాధి పనికెల్తన్నానా నేదా?"

మెడికల్ బోర్డు ముందే కూర్చుంది. డాక్టర్ కస్తూరి బానెట్ మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విని, "గుండెకు ఎనిమిది గదులు. రెండు కొట్టుకోవడం లేదు," అన్నారు. "మనమంతా నాలుగుతోనే నెట్టుకొస్తున్నాం కదా, ఆరు చాలు." అలవాట్ల గడిలో 'తాగుడు, కిలోమీటరుకు పావు లీటరు' అని రాసి, ఫిట్ అని సంతకం చేశారు.

ముప్పై ఒకటో తేదీ ఉదయం పదింటికి బయల్దేరవలసింది. దొరగారిది ఆరు వోల్టుల బ్యాటరీ. అది పదకొండు నలభైకి మేలుకుంది. వెనక సీట్లో ఆఫీసు సూపరింటెండెంట్ విజయగౌరి కూర్చుంది. ఒళ్లో ఫైళ్లు, స్టాకు రిజిస్టరు, ఒక పొట్లం పసుపు, కాళ్ల దగ్గర ఆరు నీళ్ల డబ్బాలు, ఒక చెక్కదిమ్మ పెట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆమె ఏ ఫైలూ పోగొట్టలేదు, దొరగారిని పోగొట్టే ఉద్దేశమూ లేదు. తవిటయ్య గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. స్టాఫు చప్పట్లు కొడుతుండగా దొరగారు గేటు దాటారు.

నాలుగో కిలోమీటరు దగ్గర రేడియేటర్ మరిగింది. తవిటయ్య దిగి, తువ్వాలుతో మూత తిప్పి, పసుపు కలిపిన నీళ్లు పోశాడు. అక్కడక్కడా పచ్చగా కారి, చిల్లులు పూడుకున్నాయి. ఏడో కిలోమీటరులో రైల్వే గేటు పడింది. నిలబడి ఉన్నప్పుడే దొరగారికి ప్రాణం మీదికొస్తుంది. ఆ ఎండకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి ఇంజిన్ ఆగిపోయింది. గూడ్సు బండి తీరిగ్గా వెళ్లింది, గేటు లేచింది, వెనకవాళ్లు హారన్లు మోగించారు. దొరగారు కదల్లేదు. ఇద్దరు కుర్రాళ్లు మోటారు సైకిలు దిగి తోయడానికి చేతులు పెట్టబోయారు.

"ముట్టుకోకండి బాబూ!" అని విజయగౌరి కేక పెట్టింది. "మీరు తోశారో, ఈయన ఉద్యోగం ఊడిపోతుంది!"

"ఎవరిదండీ, ఇతందా?" అన్నాడొకడు తవిటయ్యను చూపించి.

"దొరగారిది."

కుర్రాళ్లు మర్యాదగా చేతులు వెనక్కి తీసుకున్నారు. తవిటయ్య తన తువ్వాలు తడిపి పెట్రోలు గొట్టానికి చుట్టి, దాన్ని చేత్తో పట్టుకుని చల్లారేదాకా కూర్చున్నాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. చల్లారాక చూస్తే బ్యాటరీ నిద్రపోయింది. అటుగా వచ్చిన ఆటోవాడు తన బ్యాటరీ వైర్లు తగిలించాడు. ఇది ఇతరుల సాయం కిందికి రాదా అని విజయగౌరి నిబంధనల పుస్తకం తిప్పి, రక్తదానం స్వీకరించడానికి ఉద్యోగికి అనుమతి ఉందని చూసుకుని, హమ్మయ్య అనుకుంది. రెట్టింపు వోల్టులు తగిలేసరికి దొరగారు ఎగిరి లేచారు.

అప్పటికి రెండున్నర. పదో కిలోమీటరు రాయి తర్వాత పల్లం వచ్చింది. దొరగారి బ్రేకులు రెండుసార్లు తొక్కితే వేడెక్కి, మూడోసారి ఎవరి మాటా వినవు. స్టీరింగు సగం చుట్టు తిప్పాక గాని చక్రాలకు కబురు అందదు. తవిటయ్య నోటితో ఊదుతూ, చేతులతో ఎడమకు లాగే బండిని కుడికి లాగుతూ, కళ్లతోనే వెనక్కి సైగ చేశాడు. విజయగౌరి చీర కుచ్చిళ్లు దోపుకుని, తలుపు తెరిచి, పల్లం అడుగున చక్రం కింద చెక్కదిమ్మ వేసింది. ఒక మేకపిల్లకు జానెడు దూరంలో దొరగారు ఆగారు. మేకపిల్ల కూడా ఆర్డరు అందినట్టు పక్కకు తప్పుకుంది.

పదిహేనో కిలోమీటరు దగ్గర అసలు దెబ్బ తగిలింది. గేరుపెట్టెలోని ఎర్ర ఆయిలు దారిపొడవునా కారిపోయి, ముందుకు పోయే గేరు జారిపోయింది. ఇంజిన్ గర్జిస్తోంది, చక్రం తిరగడం లేదు. టైము మూడు యాభై. తవిటయ్య గొట్టం నోట్లోంచి తీసేశాడు. ఇంజిన్ ఆగిపోయింది. అతను స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

"అయిపోనాది మేడమ్‌గారూ. ముందుకెల్లదింక. పందొమ్మిదేళ్లండి. ఇంటికెల్లి దాని మొకమెలా సూసేది?"

విజయగౌరికి కూడా ఏడుపొచ్చింది, కాని ఆమె ఆఫీసు టైములో ఏడవదు. "వెనక్కి వెళ్తుందా?" అని అడిగింది.

"ఎనక్కెల్తాదండి. ఎనక గేరుకేటీ అవలేదు."

"ఆర్డర్లో హాజరు కావాలనే ఉంది తవిటయ్యా. ముఖం ఎటు ఉండాలో రాయలేదు."

అలా చివరి మూడు కిలోమీటర్లు దొరగారు వెనక్కి నడిచారు. తవిటయ్య మెడ వెనక్కి తిప్పి, గొట్టాన్ని భుజం మీదుగా లాక్కుని ఊదాడు. సంగతి అప్పటికే కలెక్టరేటు ఉన్న ఊళ్లోకి పాకింది. ఊరి మొదట్లో జిల్లా ఆఫీసుల్లో పనిచేసే ఔట్‌సోర్సింగ్ వాళ్లంతా ఎదురొచ్చారు. స్వీపర్లు, కంప్యూటర్ ఆపరేటర్లు, వాచ్‌మన్‌లు, రెండు వందల మంది దాకా ఉంటారు. ఒక్కరూ బండిని తాకలేదు. తోయడం లేదని అందరికీ కనబడేలా చేతులు వెనక్కి కట్టుకుని దొరగారికి అటూ ఇటూ నడిచారు. ఎవరో డప్పు తెచ్చారు. మేడల మీంచి జనం పూలు చల్లారు. కలెక్టరేటు మెట్ల మీద నిలబడ్డ అధికారులకు, ఒక అధికారి వెనక్కి నడుచుకుంటూ పైపదవిలోకి రావడంలో వింతేమీ కనిపించలేదు. వాళ్లలో చాలామంది అలాగే వచ్చారు.

నాలుగు యాభై రెండుకు దొరగారు గేటు లోపలికి వచ్చి నిలబడ్డారు, ఇంజిన్ ఆగకుండా. అక్కడ పరిశీలన అధికారి సదానందం బల్ల వేసుకుని కూర్చున్నాడు. కచ్చితమైన మనిషి. తన పెళ్లికి కూడా హాజరు పట్టీలో సంతకం పెట్టాడని చెప్పుకుంటారు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. "ప్రాణం ఉంది. ఎవరైనా తోశారా?"

"లేదు!" అని రెండు వందల మంది అరిచారు.

"మోశారా?"

"లేదు!"

సదానందం కిటికీలోంచి లోపలికి చూశాడు. "డ్రైవరు నోట్లో ఆ గొట్టమేమిటి?"

విజయగౌరి అబద్ధం రాయదు, చెప్పదు. పంపు సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. సదానందం కలం కిందపెట్టేశాడు.

"డ్రైవరు నడపొచ్చు, ఊదకూడదు. అంటే ఇతర వ్యక్తి సాయం తీసుకున్నట్టే కదమ్మా. చేరిక చెల్లదు. నేనేం చెయ్యను, రూలు."

డప్పు ఆగిపోయింది. తవిటయ్య ఊదడం మాత్రం ఆపలేదు. గోడ గడియారం నాలుగు యాభై ఐదు చూపిస్తోంది.

"ఇతర వ్యక్తి అంటే ఎవరు సార్?" అంది విజయగౌరి.

"ఈ మనిషే. కనబడుతున్నాడుగా."

"కనబడితే చాలదు కదండీ. మనిషని ఏ రిజిస్టర్లో ఉంది?" ఆమె ఫైళ్లు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. "ఇది సిబ్బంది జాబితా, ఇందులో లేడు. ఇది హాజరు పట్టీ, ఇందులో లేడు. పందొమ్మిదేళ్లుగా ఇతని జీతం ఏ పద్దు కింద పాసవుతోందో చూడండి. విడిభాగాలు, మరమ్మతులు. ట్రెజరీ పాసు చేసింది."

ట్రెజరీ మాట వినగానే సదానందం లేచి నిలబడ్డాడు. ఆమె స్టాకు రిజిస్టరు నలభై రెండో పేజీ తెరిచింది. మూడేళ్ల కిందట, పంపు పోయిన రోజున, ఆడిట్‌కు జవాబు చెప్పలేక ఆమే రాసిన పద్దు అది: 'ఫ్యూయల్ పంపు, స్థానిక తయారీ, ఒకటి. పనిచేయుచున్నది.'

సదానందం రెండుసార్లు చదివాడు. కిటికీ దగ్గరికి వచ్చి, మొదటిసారి తవిటయ్య మొహంలోకి చూశాడు. "సొంత విడిభాగం సాయపడితే అది సాయం కాదు. కాని తర్వాత నువ్వు కోర్టుకెళ్లి మనిషినంటే నా పీక మీదికొస్తుంది. చెప్పవయ్యా. నువ్వు పంపువేనా?"

నోరు తెరిస్తే ఇంజిన్ ఆగిపోతుంది. తవిటయ్య ఊదుతూనే, బొబ్బలెక్కిన చేతి వేలితో, దుమ్ము పట్టిన అద్దం మీద ఒక్క మాట రాశాడు: పర్మినెంటా?

సదానందం పుస్తకం తిరగేశాడు. "వాహనం సర్వీసులో ఉన్నంతకాలం అత్యవసర విడిభాగాన్ని తొలగించరాదు. ఏజెన్సీకి అప్పగించరాదు. దొరగారికి పుట్టిన తేదీ లేదు, రిటైర్మెంటు లేదు." పుస్తకం మూసేశాడు. "పర్మినెంటేనయ్యా. మాకంటే పర్మినెంటు."

తవిటయ్య తలూపాడు. ఒకసారి చాలదేమోనని మూడుసార్లు ఊపాడు. సదానందం నాలుగు యాభై ఎనిమిదికి సంతకం పెట్టి ముద్ర గుద్దాడు. రెండు వందల మంది ఒక్కసారిగా వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, దొరగారిని ఎత్తి కలెక్టరేటు చుట్టూ మూడుసార్లు ఊరేగించారు. చేరిక అయిపోయింది గనక ఇక ఎవరైనా మోయవచ్చు.

ఇంటికెళ్లి చెబితే పైడమ్మ ముందు నమ్మలేదు. "నిజిం సెప్పు. పర్మినెంటేనా? ఒట్టు?" ఒట్టు వేశాక వీధి వీధంతా బెల్లం పంచిపెట్టింది. అమ్మలక్కల ముందు మొగుణ్ణి పట్టుకుని, "పంపైతేనేటి, పంపుకి పని పోదు!" అని గంతులేసింది. నిజానికి లాభాలు అక్కడితో ఆగలేదు. విడిభాగాలను ఎండలో ఉంచరాదని, పొడిగా, గాలి ఆడే చోట భద్రపరచాలని, ఆరు నెలలకోసారి తనిఖీ చేయించాలని స్టోర్సు నిబంధనల్లో ఉంది. పందొమ్మిదేళ్లు అర్జీలు పెట్టినా రాని ఫ్యాను గది, తవిటయ్యకు వారంలో వచ్చింది. ఆస్పత్రి పరీక్షలు కూడా వచ్చాయి, మెయింటెనెన్స్ కింద.

సోమవారం ఉదయం స్టాకు నంబరు వేయడానికి పెయింటరు వచ్చాడు. తవిటయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి, జబ్బ మీద తెల్లరంగుతో నంబరు రాయించుకుని, ఆరేదాకా కదలకుండా నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ప్రభుత్వ రిజిస్టరులో ఉన్న నంబరూ తన ఒంటి మీది నంబరూ ఒక్కటే అయ్యాయి. అతనికి నవ్వు ఆగలేదు. అతని వెనక గేటు దాటి రోడ్డు మీదికి క్యూ ఉంది. స్వీపర్లు, కంప్యూటర్ ఆపరేటర్లు, వాచ్‌మన్‌లు చొక్కా చేతులు ముందుగానే మడుచుకుని వచ్చారు. విజయగౌరి ఒక్కొక్కరి దరఖాస్తూ తీసుకుని, దొరగారిలో ఇంకా ఏయే భాగాలు పనిచేయడం లేదో జాబితా చూస్తోంది.

"నాకు హారన్ ఇప్పించండి మేడమ్," అంది మొదటి వరసలోని ఆపరేటరు అమ్మాయి. ఎమ్మే చదివింది. "అది లేకపోతే బ్రేకైనా ఫర్వాలేదు."